ముందు నీళ్లు, తర్వాతే పడవలు

అలుగు పారిన ఏడు కంభం చెరువు కట్ట మీద తిరునాళ్లే. గిద్దలూరు, మార్కాపురం వైపు నుంచి జనం బైకుల మీద, ఆటోల్లో వచ్చి దిగుతారు. నీళ్లు అడుగంటిన ఏడు అటు తొంగిచూసేవారు ఉండరు. 'పర్యాటక కేంద్రం చేయాలి' అన్న మాట మాత్రం ఏ కాలంలోనైనా వినబడుతుంది.

చూడదగ్గ చోటే, సందేహం లేదు. రెండు కొండల మధ్య సందు చూసి గుండ్లకమ్మ నదికి అడ్డంగా సుమారు 57 అడుగుల ఎత్తున కట్ట వేశారు. మిగతా గట్టు పని కొండలే చూసుకున్నాయి. అందుకే కట్ట పొడవు తక్కువ, నిండితే నీళ్లు ఏడు కిలోమీటర్ల దాకా. విజయనగర కాలంలో రాజకుటుంబానికి చెందిన వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. ఆ చోటును ఎంచుకున్నవారి కన్ను ఎలాంటిదో కట్ట మీద నిలబడితేనే తెలుస్తుంది. 2020లో ఐసీఐడీ అనే అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనికి వారసత్వ గుర్తింపు ఇచ్చింది. అందాల సరస్సుగా కాదు, సాగునీటి కట్టడంగా!

పర్యాటకులు మరీ ఎక్కువైతే ఏమవుతుందో కూడా చూడాలి. ఆస్ట్రియాలో కొండకూ సరస్సుకూ మధ్య ఇరుకున హాల్‌స్టాట్ అనే పాత ఉప్పుగనుల ఊరుంది. 1997లో యునెస్కో జాబితాకెక్కింది. జనాభా వెయ్యి లోపే. సీజన్లో రోజుకు పదివేల మంది దాకా వచ్చిపడుతుంటే తట్టుకోలేక టూరిస్టు బస్సులకు స్లాట్లు పెట్టారు. 2023లో సెల్ఫీల చోట అడ్డంగా చెక్క గోడ కట్టి, విమర్శలొచ్చాక తీసేశారు. మనకింకా ఆ టెన్షన్ లేదు కాబట్టి ఇప్పుడే లెక్క వేసుకోవచ్చు.

పాత గెజిటీర్ల ప్రకారం ఈ చెరువు కింద పదివేల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. పడవలు తిరగాలని తూములు బిగించే రోజు రాకూడదు. పైరుకు నీళ్లు కావాల్సినప్పుడు బోటింగ్ ఆగాల్సిందే. ఖర్చు పెట్టదలచుకుంటే మొదట పూడికతీతకు, తూముల మరమ్మతుకు పెట్టాలన్నది మా అభిప్రాయం. పడవలు నడిపే పని ఇక్కడి మత్స్యకారులకే ఇవ్వాలి. పాత కట్ట మీద కాంక్రీటు పోసి 'ఐ లవ్ కంభం' అక్షరాలు నిలబెట్టకపోతే అదే పదివేలు.

మరుగుదొడ్లు, చెత్తబుట్టలు, కట్టకు దూరంగా పార్కింగ్ తప్పనిసరి. గుంటూరు, గుంతకల్లు లైన్లో కంభానికి రైల్వేస్టేషన్ ఉంది. అక్కడి నుంచి కట్ట దాకా ఆదివారాలు ఒక బస్సు తిప్పి చూడండి. అందుకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు.