పచ్చిక నేలకు ‘ఎడారి’ అని పేరు పెట్టి

ఎడారి అనగానే మనకు ఇసుకే గుర్తొస్తుంది. అర్జెంటీనా పంపా మైదానాల్లో ఎక్కువగా కనిపించేది పచ్చిక. అయినా 19వ శతాబ్దంలో బ్యూనస్ ఐరిస్ పాలకులు ఆ నేలను ఎడారి అనే అన్నారు. వాళ్ల లెక్కలో ఎడారి అంటే మనుషులు లేని చోటు. 1879లో జనరల్ రోకా అక్కడి ఆదివాసుల మీదికి నడిపిన దండయాత్రకు కూడా ‘ఎడారి విజయం’ అనే పేరు పెట్టారు.

ఈ మాట జనంలో పాతుకుపోవడానికి యాత్రా రచనలు చాలా సాయపడ్డాయి. ద్వేషంతో రాసినవాటి సంగతి తెలిసిందే. నన్ను బాధపెట్టేది ప్రేమతో రాసిన ఒక పుస్తకం.

1870లో కల్నల్ లూసియో మన్సియా కొద్దిమందితో గుర్రాల మీద రాంకెల్ అనే ఆదివాసీ తెగవాళ్ల దగ్గరికి, వాళ్ల ముఖ్య స్థావరమైన లెయుబుకోకు వెళ్లాడు. వాళ్లతో కలిసి తిన్నాడు, తాగాడు, నాయకుడు మరియానో రోసాస్ కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి అయ్యాడు. ఆ ప్రయాణాన్ని ‘లా ట్రిబ్యునా’ పత్రికలో ఉత్తరాలుగా రాశాడు. ఆ ఉత్తరాలే నేను చెప్పిన పుస్తకం అయ్యాయి. ‘అనాగరికులు’ అన్న మాటనే అనుమానించాడు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు.

అందులో ఒక సన్నివేశం ఉంది. శాంతి ఒప్పందం గురించి మాట్లాడుతుండగా మరియానో తను దాచుకున్న కాగితాల్లోంచి ఒక పత్రిక తీసి చూపిస్తాడు. అది లా ట్రిబ్యునానే! పంపాల మీదుగా రాబోయే రైలు దారి గురించిన వార్త అందులో ఉంది. రైలు వచ్చాక మీకు ఇంకా భూమి కావాలనిపిస్తుంది, మమ్మల్ని రియో నెగ్రో అవతలికి తరుముతారు, అంటాడు. అతని అంచనా అక్షరాలా నిజం. సరిహద్దును ఆ నది దాకా జరపాలని 1867లోనే చట్టం చేసేశారు.

ఈ సంగతి బయటపెట్టింది మన్సియానే. కానీ నగరంలో పాఠకులకు అది రసవత్తరమైన సీరియల్‌గానే మిగిలిపోయింది. వెళ్లేది, చూసేది, తిరిగొచ్చి చెప్పేది ఒక్కడే. పత్రికలు దాచుకుని చదివించుకునే నాయకుడు కూడా ఆ కథలో ఒక వింత పాత్ర అయిపోయాడు, ఒక దేశం తరఫున బేరమాడే మనిషిగా ఎవరికీ కనిపించలేదు.

రచయిత, రాజకీయ నాయకుడు ఎస్తానిస్లావో సెబాయోస్ 1878లో దండయాత్రను సమర్థిస్తూ పుస్తకం రాశాడు. తర్వాత తనే ఆ నేలంతా తిరిగి యాత్రా గ్రంథం వేశాడు. పంపాల్లోనే మరో ఆదివాసీ కేంద్రమైన సాలినాస్ గ్రాండెస్ నాయకుల ఉత్తరాలు, దస్తావేజులు ఇసుక దిబ్బల్లో తనకు దొరికాయని రాసింది కూడా అతనే. సొంతంగా దస్తావేజులు భద్రపరుచుకున్న సమాజం అది. అయినా ‘ఎడారి’ అన్న పేరు మాత్రం మారలేదు.

మరియానో 1877లో మశూచితో చనిపోయాడు. రెండేళ్లకు సైనికులు ఆయన సమాధి తవ్వారు. పుర్రె సెబాయోస్ చేతికి, అక్కణ్నుంచి లా ప్లాటా మ్యూజియానికి చేరింది. రాంకెల్ జనం దాన్ని తిరిగి లెయుబుకోకు తెచ్చుకున్నది 2001లో.