ధర్మం మెట్ల దారిన రావలెను

మంచిచెడ్డలను నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్న మీద మన పూర్వులు అనవసరంగా చాలా కాలం వృథా చేశారు. మీమాంసకులకూ, స్మృతులకు వ్యాఖ్యానాలు వ్రాసి కంటిచూపు పోగొట్టుకున్న పండితులకూ తట్టని సులువైన మార్గాన్ని విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక అపార్ట్‌మెంటు ఓనర్ల సంఘం ఈ మధ్యనే కనిపెట్టింది. ఇళ్ళలో పనిచేసేవారూ, సరుకులు తెచ్చేవారూ లిఫ్టు వాడవచ్చునా, వాడరాదా అని రాత్రిపూట వాట్సాప్ గ్రూపులో ఒక పోల్ పెట్టారు. తెల్లవారి పాలప్యాకెట్లు వచ్చే వేళకు వాడరాదన్న వారు నలభై పైచిలుకు తేలారు. వాడవచ్చునన్న వారు ఆరుగురు మిగిలారు. ఆ ఆరుగురిలో ఒకాయన కళ్ళజోడు లేక తప్పు చోట నొక్కానని గ్రూపులోనే క్షమాపణ చెప్పుకున్నారు. మధ్యాహ్నానికల్లా లిఫ్టు తలుపు మీద లామినేషన్ చేసిన నోటీసు వెలిసింది.

ఆ నోటీసులో "ఎక్కువమంది కోరినందున" అని ఉంటే నేను కలం పట్టేవాడిని కాను. మాకు ఇష్టం లేదు గనుక వద్దంటున్నామని చెప్పే మొరటుతనంలో కనీసం నిజాయితీ ఉంటుంది. కానీ అందులో "సభ్యులు దీనిని న్యాయమైనదిగా నిర్ణయించినందున" అని ఉంది. రాత్రి ఇష్టంగా పడుకున్నది పొద్దున్న న్యాయమై నిద్రలేచిందన్న మాట. ఇది ఎలా సాధ్యపడిందని సెక్రటరీ గారిని అడిగితే, ఆయన నా అజ్ఞానానికి జాలిపడి, "ప్రజాస్వామ్యమండీ. నలుగురూ ఔనన్నదే న్యాయం. నలుగురితో నారాయణ అని పెద్దలు ఊరికే అన్నారా?" అని బోధించారు. ఆ సామెతకు "కులంతో గోవిందా" అని రెండో సగం కూడా ఉంది. ఆయన మర్యాదస్తులు గనుక దానిని పైకి పలకలేదు. నోటీసులో కూడా "పరిశుభ్రత", "భద్రత" అన్న మాటలే తప్ప మరో మాట కనిపించదు.

న్యాయం అమలులోకి వచ్చిన మొదటి రోజే గ్యాస్ బండ రూపంలో దానికి పరీక్ష ఎదురైంది. నోటీసు ప్రకారం బండ తెచ్చిన కుర్రవాడు మెట్లెక్కాలి. బండ సంగతి నోటీసు చెప్పలేదు. ఐదో అంతస్తు దాకా దానిని మెట్ల మీద ఈడిస్తే గ్రానైటు అంచులు విరుగుతాయని కమిటీ ఆందోళన చెందింది. కుర్రవాడి నడుము విరగడం కమిటీ పరిధిలోకి రాదు. అందుచేత సెల్లారులోనే అత్యవసర సమావేశం జరిపి, బండ పనివారి కోవలోకి రాదనీ, దానికి లిఫ్టు ఎక్కే అర్హత కలదనీ, దానిని మోసుకొచ్చినవాడికి మాత్రం లేదనీ చేతులెత్తి తీర్మానించారు. బండను లిఫ్టులో నిలబెట్టారు. ఒక ఓనరు గారు లోపలికి చెయ్యి చాచి ఐదు నొక్కి, చెయ్యి వెనక్కు లాక్కున్నారు. కుర్రవాడు మెట్ల మీద పరుగు అందుకున్నాడు. లిఫ్టే ముందు చేరింది; తలుపు తెరుచుకుంది; ఎవరూ లేకపోవడంతో మూసుకుంది. కిందకు వస్తూ మూడో అంతస్తులో ఆగితే, అక్కడ ఎదురుచూస్తున్న రిటైర్డ్ ఇంజనీరు గారికి లోపల ఎర్రటి బండ ఒంటరిగా, హుందాగా నిలబడి దర్శనమిచ్చింది. ఆయన ఒక మూలకు ఒదిగి, దానితో పాటు కిందకు వచ్చారు. మళ్ళీ పైకి పంపారు. కుర్రవాడు ఐదుకు చేరేసరికి బండ రెండులో ఉంది. అతడు రెండుకు దిగేసరికి అక్కడి వారి లాబ్రడార్ షికారుకు బయలుదేరింది. కుక్కలకు లిఫ్టు హక్కు ఇదివరకటి జనరల్ బాడీలోనే ఖరారైంది గానీ, కుక్కను తిప్పడానికి జీతమిచ్చి పెట్టుకున్న అబ్బాయికి ఇప్పుడు ఆ హక్కు పోయింది. కాబట్టి కుక్కా, బండా కలిసి లిఫ్టులో దిగాయి. ఇద్దరు కుర్రవాళ్ళూ కలిసి మెట్లు దిగారు. అందరూ సెల్లారులో కలుసుకున్నారు. తీర్మానంలో లోపమేమీ లేదని, అమలులో సమన్వయం కొరవడిందని అధ్యక్షుల వారు ప్రకటించారు.

ఆ తర్వాత చక్రాల కుర్చీలోని ముసలమ్మ గారిని తోసుకువచ్చే నర్సు విషయం చర్చకు వచ్చింది. కుర్చీ చేతిలో ఉన్నంతసేపు ఆమె నర్సు అనీ, కుర్చీ వదిలిన క్షణం నుంచి పనిమనిషి అనీ ఓటింగులో తేలింది.

ఓట్లతో నిజాలు తేల్చే విద్యలో మన ఓనర్ల కంటే ముందున్నవారు లేకపోలేదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్ర ప్రతినిధుల సభ 1897లో, వృత్తం చుట్టుకొలతకూ వ్యాసానికీ ఉండే నిష్పత్తిని తప్పుగా లెక్కగట్టే ఒక బిల్లును 67–0 ఓట్లతో ఆమోదించింది. వేరే పని మీద అక్కడికి వచ్చిన గణిత ప్రొఫెసరు ఒకాయన సెనేటర్లకు సంగతి బోధపరచడంతో అది అక్కడితో ఆగిపోయింది. ఈ కథ చెబితే సెక్రటరీ గారు, "లెక్కలు వేరు, న్యాయం వేరు" అన్నారు. నిజమే. లెక్క తప్పితే గోడ కూలుతుంది గనుక తప్పు పట్టుబడుతుంది. న్యాయం తప్పితే కూలేది ఎదుటివారి మోకాళ్ళు మాత్రమే.

న్యాయం సంగతే చూద్దాం. వితంతు వివాహాలకు చట్టం కావాలని ఈశ్వరచంద్ర విద్యాసాగర్ అర్జీ పెట్టినప్పుడు, వద్దంటూ వెళ్ళిన అర్జీల మీద సంతకాలు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆనాటి ప్రభుత్వం సంతకాలు లెక్కపెట్టి ఊరుకుని ఉంటే 1856లో చట్టమే వచ్చేది కాదు. వచ్చిన పాతికేళ్ళకు, 1881 డిసెంబరు 11న, కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపిస్తే, ఆయనకూ ఆయన వెంట నిలిచినవారికీ దక్కింది వెలి. గోదావరి గట్టున ఆ రోజు పోల్ పెట్టి ఉంటే ఫలితం ఏమై ఉండేదో ఊహించడానికి జ్యోతిష్యం అక్కరలేదు. ఊహ తెలియని వయసులో పెళ్ళి చేసి, ఊహ తెలిసేలోగా మొగుడు పోతే, ఆ పిల్లకు గుండు చేయించి మూలన కూర్చోబెట్టడమే న్యాయమని పుర ప్రముఖులంతా బొటనవేళ్ళు ఎత్తి ఉండేవారు. ఇప్పుడు ఏప్రిల్ 16 వస్తే పంతులు గారి విగ్రహాలకు మనమే దండలు వేస్తాం. ఆనాడు ఆయనను వెలివేసిన వారి విగ్రహం ఒక్కటీ ఎక్కడా లేదు. ఎక్కువమంది కాబట్టి ఒక విగ్రహంలో ఇమడరు కాబోలు.

సెక్రటరీ గారు చదువుకున్నవారు. ఆయన ఇంకా బలమైన అస్త్రమే తీశారు. "కేశవానంద భారతి కేసులో 1973లో పదముగ్గురు జడ్జీలు 7–6గా చీలలేదా? పార్లమెంటు మెజారిటీకి కూడా హద్దులున్నాయని తేల్చింది మెజారిటీయే కదా?" అన్నారు. ఈ ప్రశ్నకు నేను గౌరవం ఇస్తాను, ఎందుకంటే ఆ కాలనీలో ఆలోచించి వేసిన ప్రశ్న ఇదొక్కటే. ఆ ఏడుగురూ ఎక్కువమంది కావడం వలన వారి తీర్పు అమలయింది. అమలు కావడం వేరు, సరైనది కావడం వేరు. అది సరైనదో కాదో చూడడానికి వారు వ్రాసిపెట్టిన కారణాలు వందల పేజీలున్నాయి. ఓడిన ఆరుగురి కారణాలూ పక్కనే ఉన్నాయి. నచ్చనివారు ఈనాటికీ విప్పి తప్పుపట్టవచ్చు. పైగా రోజుల తరబడి ఇరుపక్షాల వాదనా విన్నారు. మన పోల్‌లో కారణాలు ఎక్కడ? వినిపించుకున్నది ఎవరిని? మెట్లు ఎక్కవలసిన వారిలో ఒక్కరు కూడా ఆ గ్రూపులో లేరు. ఉండడానికి వీల్లేదు, అది ఓనర్ల గ్రూపు.

ప్రజాభిప్రాయం మీద ఇంత భక్తి నిజంగా మన సమాజంలో ఉంటే నేను సంతోషించేవాడిని. మన జిల్లాలలో ఫ్యాక్టరీలు పెట్టేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ అని ఒకటి జరుగుతుంది. షామియానా వేస్తారు, మైకు పెడతారు, పోలీసులు ఉంటారు, పులిహోర పొట్లాలూ ఉంటాయి. ఆ పొగను పీల్చబోయే ఊపిరితిత్తులు తమవి గనుక అక్కడ మాట్లాడే హక్కు ఆ ఊరివాళ్ళకు నూటికి నూరుపాళ్ళూ ఉంది. కానీ 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కోరం అక్కరలేదు, అందులో ఓటింగు లేదు. చెప్పింది వ్రాసుకుని పైకి పంపుతారు, అంతే. ఉక్కు కర్మాగారంలో వాటాలన్నీ అమ్మేయాలని 2021లో కేంద్రం నిర్ణయించినప్పుడు ఈ ఊరు ఊరంతా వద్దన్నది. ఆ "వద్దు"ను ఎవరూ లామినేషన్ చేయించి ఏ తలుపుకూ అంటించలేదు. జనం తమ బతుకు గురించి చెప్పే అభిప్రాయం కాగితాల కట్టలోకి పోతుంది. పక్కవాడి బతుకు గురించి చెప్పే అభిప్రాయం మాత్రం ధర్మశాస్త్రమై కూర్చుంటుంది.

ఇంతవరకూ నవ్వుతూనే వ్రాశాను. పోల్ కింద ఒక మహానుభావుడు వ్రాసిన వ్యాఖ్య దగ్గర నాకు నవ్వు రావడం లేదు. "వాళ్ళు ఉండేదే కొండవాలు బస్తీల్లో, మెట్లు ఎక్కడం వాళ్ళకు అలవాటే." దానికి వరుసగా చప్పట్ల బొమ్మలు. పేదవాళ్ళకు చదునైన జాగా దొరకక కొండ మీద గుడిసె వేసుకుంటే, నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని రోజూ ఆ మెట్లు ఎక్కుతుంటే, ఆ కష్టాన్నే వాళ్ళ మీద సాక్ష్యంగా వాడుకున్నారు. మీ ఇళ్ళలో పనిచేసే ఆవిడకు యాభై ఏళ్ళు దాటాయి. మే నెల ఉక్కపోతలో ఐదంతస్తులు ఎక్కి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని, లోపలికి వెళ్ళి మీరు తిన్న కంచాలు తోముతుంది. ఆ చేతితో కడిగిన కంచంలో తింటారు, ఆ చేయి నొక్కిన బటన్ మాత్రం నొక్కలేరు! ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు పుణ్యం కోసం నడిచివచ్చి, మోకాళ్ళ నొప్పులని గ్రూపులో ఫోటోలు పెట్టుకునేది మీరే కదా. నొప్పి మీకైతే భక్తి, ఆవిడకైతే అలవాటా?

అందరూ ఒకే మాట మీద ఉండడం ఏమాత్రం ముచ్చటైన దృశ్యం కాదు. 1991లో చుండూరులో దళితులకు పని ఇవ్వకూడదని, వారిని దగ్గరకు రానీయకూడదని అగ్రవర్ణాలు సాంఘిక బహిష్కరణ విధించినప్పుడు, విధించినవారి మధ్య అభిప్రాయభేదమేమీ లేదు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఒక లిఫ్టు సంగతికి అంత పెద్ద మాట ఎందుకండీ అని కాలనీవారు నొచ్చుకుంటారని తెలుసు. నొచ్చుకోండి. చంపేవాళ్ళు మీరు కారు, నాకు తెలుసు. కానీ "మేమంతా అనుకున్నాం కాబట్టి ఇది న్యాయం" అన్న వాక్యం మాత్రం అక్షరం తేడా లేకుండా అదే.

చివరికి నేనొక చిన్న విన్నపం చేసుకున్నాను. న్యాయమని అంత నమ్మకం ఉన్నప్పుడు, పోల్‌లో ఎవరెవరు దేనికి ఓటు వేశారో ఫోనులో ఎలాగూ కనిపిస్తుంది గనుక, ఆ నలభై పైచిలుకు పేర్లూ ఫ్లాట్ నంబర్లతో సహా అదే నోటీసు కింద అచ్చు వేయించి, ప్రతి అంతస్తులోనూ మెట్ల మొదట్లో అంటించమన్నాను. ఎక్కేవాళ్ళు ఒక్కో అంతస్తుకూ ఆగి, తమకు న్యాయం చేసినవారెవరో చదువుకుంటారు. సెక్రటరీ గారు ఆ సాయంత్రమే లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. సభ్యుల పేర్లు బయటపెట్టడం గోప్యతకు భంగమనీ, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తేల్చిచెప్పిందనీ, ప్రాథమిక హక్కులను ఓటింగుకు పెట్టడానికి వీల్లేదనీ అందులో ఉంది.