గంధరాజానికి మజ్జిగాభిషేకం

నల్లకుంటలోని మా మూడో అంతస్తు బాల్కనీలోకి గంధరాజం మొక్క వచ్చిన నాడు, దానికి నీటి కొరత రానివ్వనని నేను మనసులోనే శపథం చేసుకున్నాను. హైదరాబాదులో నీటిని వృథా చేయడం పాపం కనుక, వంటింట్లోని ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లను బకెట్‌లో పట్టి, రోజూ భక్తిగా దానికే పోశాను. అసలే బోరు నీళ్లు, అందులోని ఉప్పులన్నీ వడపోతలో ఆ బకెట్‌లోకే చేరతాయన్న సంగతి నాకు తట్టలేదు. నెల తిరిగేసరికి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, లేత ఆకులన్నీ పసుపు రాసుకున్న పెళ్లికూతుళ్లలా తయారయ్యాయి.

ఎదురింటి పిన్నిగారు బూడిద చల్లమన్నారు, చల్లాను. గుడ్డు పెంకుల పొడి వేయమన్నారు, వేశాను. ఆ రెండూ మట్టిలో క్షారాన్ని పెంచేవే. గంధరాజానికి కావలసింది పీహెచ్ 5 నుంచి 6 దాకా ఉండే పుల్లటి మట్టి అనీ, క్షారం పెరిగితే మట్టిలో ఇనుము ఉన్నా, పంక్తిలో కూర్చున్నా విస్తరి అందని చుట్టంలా మొక్క పస్తుండవలసిందేననీ నర్సరీ అతను చెప్పాడు. (గంధరాజానికి ఇంగ్లీషులో ఉన్న గార్డీనియా అన్న పేరు తోటను బట్టి కాక, అలెగ్జాండర్ గార్డెన్ అనే వైద్యుణ్ణి బట్టి వచ్చిందట; నా మొక్కకు మాత్రం వైద్యుణ్ణి నేనే దొరికాను.) అతను ఐరన్ చీలేట్ అని, మొక్క పీల్చుకోగలిగే రూపంలో ఇనుము ఉండే మందు కొనమన్నాడు. నాకు మాత్రం పులుపు అన్న మాట ఒక్కటే చెవికెక్కింది.

ఫ్రిజ్‌లో పుల్లమజ్జిగ ఉందని మా ఆవిడ నిద్రలో చెప్పిన ఆనవాలు పట్టుకుని, రాత్రి పదకొండు గంటలకు దీపమైనా వేయకుండా గిన్నె తీసి, నీళ్లు కలిపి, కుండీ నిండా పోసి, కర్తవ్యం నెరవేర్చిన తృప్తితో పడుకున్నాను.

తెల్లవారి గుమ్మంలో కింది అంతస్తు మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో, బంధువుల ఇంట షష్టిపూర్తికి కట్టుకోవడానికి ఆరేసుకున్న తెల్లటి పంచె ఉంది. దాని మీద అచ్చం మా గంధరాజం ఆకుల రంగులో పసుపు చారలు, మధ్యమధ్య ఆవాలు, ఒక కరివేపాకు రెబ్బ ఉన్నాయి.

“నాయనా, పంచెకు గంజి పెట్టించాను గాని, తాలింపు పెట్టించలేదు” అన్నారాయన.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ వంటింట్లోంచి, “ఏమండీ, మజ్జిగపులుసు గిన్నె ఏదీ?” అని కేకేసింది. ఆ పూట మాకు ఊరగాయే గతి అయింది. గంధరాజానికి ఇప్పుడు వాన నీళ్లు, నర్సరీ అతను చెప్పిన మందు పోస్తున్నాను. మాస్టారు మాత్రం పంచె ఆరేసే ముందు ఒకసారి తలెత్తి మా కుండీని చూడనిదే తీగను ముట్టుకోరు.