గడువు దాటాక అందే కబురు

పక్క స్థలంలో ఏం రాబోతోందో చాలామందికి జేసీబీ దిగిన రోజే తెలుస్తుంది. అప్పటికి దరఖాస్తు పెట్టి నెలలు గడిచి ఉంటాయి. నోటీసు వచ్చి ఉంటుంది, అభ్యంతరాల గడువు పోయి ఉంటుంది, అనుమతి కాగితం మీద సంతకం కూడా అయిపోయి ఉంటుంది. "మాకెవరూ చెప్పలేదే" అని కాలనీ సంఘాన్ని నిలదీస్తే "పోయిన నెల పంపిన దాంట్లో ఉంది కదా" అంటారు. వెతికితే నిజంగానే ఉంటుంది. వీధి దీపాల మరమ్మతు, సభ్యత్వ బకాయిలు, వార్షిక సమావేశం ఏర్పాట్లు, వీటన్నిటి కింద ఒకే ఒక్క వాక్యం: "మూల ప్లాటుకు సంబంధించి భూ వినియోగ మార్పు కొరకు దరఖాస్తు అందినట్లు తెలియవచ్చినది." రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. చదివినవాళ్లకు మాత్రం ఏమీ అర్థం కాలేదు.

సంఘాలు చేసే పనులన్నిటిలోకీ ఈ కబురు చేరవేయడమే ముఖ్యమైనదని నా గట్టి అభిప్రాయం. అందరూ తేలిగ్గా తీసుకునేదీ ఈ పనినే. భవనానికి అనుమతి ఇచ్చే అధికారం గానీ, ఆపే అధికారం గానీ సంఘానికి ఉండదు. నిర్ణయం ప్లానింగ్ ఆఫీసులో జరుగుతుంది. ఆ నిర్ణయాన్ని ఇంకా మార్చడానికి వీలుండగానే, దాని ప్రభావం పడే ప్రతి ఇంటికీ సంగతి తెలియజేయడం సంఘం చేయగలిగిన పని. అది సరిగ్గా జరగనప్పుడు ధర్నాలు, సంతకాల సేకరణలు, కోర్టు కేసులు అన్నీ ఆలస్యంగా మొదలవుతాయి.

గడువుల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఇంగ్లండ్‌లో మామూలు ప్లానింగ్ దరఖాస్తు మీద అభిప్రాయం చెప్పడానికి సాధారణంగా 21 రోజులు ఇస్తారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర చట్టం ప్రకారం దరఖాస్తు మీద జరిగే బహిరంగ విచారణకు 20 రోజుల ముందు నోటీసు పోస్టులో వెళ్లాలి. ఒకటికి మించి విచారణలు ఉండే పక్షంలో మొదటిదానికి 10 రోజుల ముందు పంపినా సరిపోతుంది. జర్మనీలో స్థానిక ప్లాన్ ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. కాగితం మీద ఇవి చాలినన్ని రోజుల్లాగే కనిపిస్తాయి. నెలకోసారి కూర్చునే కార్యవర్గానికి ఇవి ఏ మూలకూ రావు. నోటీసు వచ్చిన వారానికి కార్యదర్శి దాన్ని చూసి, వచ్చే మీటింగ్ అజెండాలో పెడదామనుకుంటే, మీటింగ్ జరిగే నాటికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది.

ఒరెగాన్‌లో ఇంకో మెలిక ఉంది. విచారణ రికార్డు మూసేలోపు ఎవరూ లేవనెత్తని అంశాన్ని తర్వాత అప్పీలులో లేవనెత్తడానికి వీల్లేదు. ఇలాంటి అప్పీళ్ల కోసమే ఆ రాష్ట్రం 1979లో ప్రత్యేకంగా ఒక బోర్డు పెట్టింది. ఆ బోర్డు దగ్గరికి వెళ్లినా ఇదే నియమం అడ్డొస్తుంది. దీని అర్థం కాస్త ఆలోచించండి. ఆ స్థలం పల్లంలో ఉందనీ, అక్కడ కట్టడం లేస్తే వాన నీళ్లు వెనక వీధి ఇళ్లలోకి వస్తాయనీ ఇరవై ఏళ్లుగా అక్కడుంటున్న ఒక్క మనిషికే తెలుసనుకుందాం. ఆ మనిషికి కబురు అందలేదు, విచారణకు రాలేదు, ఉత్తరమూ రాయలేదు. ఇక ఆ వాన నీళ్ల సంగతి చట్టం దృష్టిలో లేనట్టే. సంఘం ఒక వారం ముందు చెప్పి ఉంటే ఆ మాట రికార్డులోకి ఎక్కేది.

1998లో డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఈ విషయం చాలా స్పష్టంగా చెప్పింది. పర్యావరణం మీద ప్రభావం చూపే నిర్ణయాల్లో, ప్రత్యామ్నాయాలన్నీ ఇంకా పరిశీలనలో ఉన్న దశలోనే ప్రజల్ని కలుపుకోవాలని అందులో రాసుకున్నారు. ప్రభుత్వాలకు వర్తించే ఈ సూత్రాన్ని సంఘాలు తమకు తాము పెట్టుకోకూడదా? నోటీసు అందిన రెండు రోజుల్లో అందరికీ పంపాలని, మీటింగ్ కోసం ఆగకూడదని సంఘం నియమావళిలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు. దానికి పైసా ఖర్చుండదు.

ఇక భాష. పైన చెప్పిన "భూ వినియోగ మార్పు" వాక్యాన్నే తీసుకుందాం. చదివిన మనిషి తెలుసుకోవాలనుకునేది వేరే. ఎక్కడ, ఏం పోయి ఏం వస్తోంది, ఎంత ఎత్తు, ఎన్ని బండ్లు, తన ఇంటి మీద ఏ ప్రభావం, ఎప్పటిలోగా ఎవరికి రాయాలి. అదే సమాచారాన్ని ఇలా రాయొచ్చు: "పార్కు ఎదురుగా మూల మీదున్న పాత రెండంతస్తుల ఇంటిని కూల్చి, కింద దుకాణాలు, పైన నాలుగంతస్తుల్లో ఇళ్లు కట్టడానికి దరఖాస్తు పెట్టారు. కార్లు వెనక వీధి నుంచి లోపలికి వెళ్తాయి. మీ అభిప్రాయం ఈ నెల 18లోపు ప్లానింగ్ ఆఫీసుకు రాతపూర్వకంగా చేరాలి. ప్లాను కాపీ సంఘం ఆఫీసులో చూడొచ్చు." ఇందులో సంఘం ఎటు ఉందో ఎక్కడా లేదు, ఉండకూడదు కూడా. సంఘం వైఖరి విడిగా, వేరే కాగితం మీద రావాలి. వార్తనూ వాదననూ కలిపి పంపితే ఒక వర్గం చదవకముందే ఆవేశపడుతుంది, ఇంకో వర్గం చదవకుండానే పక్కన పడేస్తుంది.

ఏ అభ్యంతరానికి విలువ ఉంటుందో చెప్పడం కూడా ఈ కబురులో భాగమే. దీన్ని దాదాపు ఏ సంఘమూ చేయదు. ఇంగ్లండ్‌లో ప్లానింగ్ అధికారులు ఎండ, వెలుతురు తగ్గడం, కిటికీల్లోంచి ఇంట్లోకి కనిపించడం, ట్రాఫిక్, శబ్దం లాంటివి పరిగణనలోకి తీసుకుంటారు. మా ఇంటి ధర పడిపోతుందన్నా, మా బాల్కనీ నుంచి కనిపించే దృశ్యం పోతుందన్నా వాటిని లెక్కలోకి తీసుకోరు. ఎంతమంది రాశారన్నదానికంటే ఏ అంశం మీద రాశారన్నదే చూస్తారు. ఇది తెలియక వందలమంది ఇంటి ధర గురించే రాస్తే అంత శ్రమా వృథా. అదే వీధిలో స్కూలు వదిలే వేళకు బండ్లు ఎలా ఆగిపోతాయో ఫొటోలతో సహా రాసిన ఒకే ఒక్క ఉత్తరానికి విలువ ఉంటుంది.

కబురు ఎవరికి అందుతోంది? నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఈ ప్రశ్నే. ఒరెగాన్ చట్టంలోనే చూడండి. పట్టణ పరిధిలో, ఆ స్థలానికి 100 అడుగుల లోపున్న ఆస్తుల యజమానులకు నోటీసు తప్పనిసరి. దాంతోపాటు ఆ ప్రాంతానికి గుర్తింపు పొందిన సంఘం ఉంటే దానికీ పంపాలి. అద్దెకున్నవాళ్ల ప్రస్తావన అందులో లేదు. ఇల్లు అద్దెకిచ్చి ఎక్కడో దూరాన ఉండే యజమానికి ఉత్తరం వెళ్తుంది. ఆ గోడ పక్కనే పిల్లల్ని నిద్రపుచ్చే కుటుంబానికి వెళ్లదు. వాళ్లకు సంగతి తెలియాలంటే సంఘమే చెప్పాలి. అదే రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరం 1974లోనే ఇలాంటి సంఘాలను గుర్తించి, వాటికోసం ప్రత్యేక కార్యాలయం పెట్టింది. అక్కడ ఇప్పుడు తొంభైకి పైగా సంఘాలున్నాయి. గుర్తింపంటే గౌరవం ఒక్కటే అనుకుంటే పొరపాటు. చట్టం వదిలేసిన వాళ్లకు కబురు చేర్చే బాధ్యత కూడా దాంతోనే వస్తుంది.

కానీ ఎన్నో సంఘాల్లో సభ్యత్వం ప్లాటు యజమానికే. అద్దెకున్నవాళ్లు వాట్సాప్ గ్రూపులో కూడా ఉండరు. ఉంటే మెయింటెనెన్స్ కట్టమనే మెసేజీల కోసమే. రోజూ ఆ రోడ్డు మీద నడిచేదీ, ఆ నీళ్లు తాగేదీ, దుమ్ము పీల్చేదీ వాళ్లే.

మీటింగులకు వచ్చేవాళ్లు ఎవరన్న దాని మీద బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు మసాచుసెట్స్‌లోని 97 నగరాలు, పట్టణాల ప్లానింగ్ సమావేశాల మినిట్స్ తిరగేశారు. లేచి మాట్లాడినవాళ్లలో వయసు మళ్లినవాళ్లు, మగవాళ్లు, సొంతిల్లు ఉన్నవాళ్లు, ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లు జనాభాలో తమ వాటాకు మించి కనిపించారు. కొత్త ఇళ్లు వద్దన్నవాళ్లే ఎక్కువ. కొవిడ్ సమయంలో సమావేశాలు ఆన్‌లైన్‌కు మారాయి కదా, ఇంట్లోంచే మాట్లాడొచ్చు కాబట్టి పరిస్థితి మారుతుందేమో అని వాళ్లే మళ్లీ చూశారు. పెద్దగా మారలేదు. లింకు పంపినంత మాత్రాన మనుషులు రారు. ఈ విషయం మీకు సంబంధించినదే అని ఎవరో ఒకరు తలుపు తట్టి చెప్పాలి.

సంఘం గొంతు ఎప్పుడూ న్యాయంవైపే ఉంటుందని నేను అనుకోను. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో నల్లజాతి కుటుంబాలకు ఇళ్లు అమ్మకూడదని ఇరుగుపొరుగు వాళ్లు దస్తావేజుల్లో ఒప్పందాలు రాసుకున్నారు. వాటిని అమలు చేయించడానికి కోర్టులకెక్కిన స్థానిక సంఘాలున్నాయి. అలాంటి ఒప్పందాలను కోర్టుల ద్వారా అమలు చేయించడానికి వీల్లేదని 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందు 1926లో, జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏ రకం కట్టడాలు ఉండొచ్చో నిర్ణయించడం) రాజ్యాంగబద్ధమేనని చెప్పిన యూక్లిడ్ కేసు తీర్పులో అపార్ట్‌మెంట్ భవనాన్ని పరాన్నజీవి అన్నారు. "కాలనీ స్వరూపాన్ని కాపాడుకుందాం" అనే మాట వినిపించినప్పుడల్లా, కాపాడుతున్నది ఏమిటి, ఎవరి నుంచి అని అడిగే అలవాటు సభ్యులకు ఉండాలి. ఆ ప్రశ్న అడగగలగాలంటే మళ్లీ పూర్తి సమాచారం చేతిలో ఉండాల్సిందే.

సమాచారం అంది, జనం నిలబడితే ఏమవుతుందో మన దేశంలోనే ఉదాహరణ ఉంది. బెంగళూరులోని రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని 1976లో ప్రభుత్వ ఉత్తర్వులతో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ కోసం మళ్లించారు. అక్కడి నివాసులు కోర్టుకెళ్లారు. హైకోర్టులో మొదట ఓడి, డివిజన్ బెంచ్‌లో గెలిచారు. చివరికి 1991లో సుప్రీంకోర్టు కూడా వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసుగా పేరుపడిన ఆ తీర్పు రెండు విషయాలు నిలబెట్టింది. లేఔట్‌లో పార్కుకు కేటాయించిన జాగా అక్కడి ప్రజలందరి ప్రయోజనం కోసం ఉంచినది, దాన్ని ప్రైవేటు ప్రయోజనానికి ఇవ్వడం కుదరదు. అలా ఇస్తే ప్రశ్నించే హక్కు అక్కడ నివసించేవాళ్లకు ఉంది. ఆసుపత్రి కూడా జనానికి పనికొచ్చేదే కదా అన్న వాదన నిలవలేదు. లేఔట్ ప్లానులో ఆ స్థలం పార్కుగా నమోదై ఉంది, నివాసులకు ఆ సంగతి తెలుసు. కేసంతా ఆ పునాది మీదే నిలబడింది. మీ కాలనీ ఆమోదిత లేఔట్ కాపీ సంఘం దగ్గర ఉందా? ఉంటే ఎంతమంది చూశారు?

సంఘం లోపలి సంగతి ఒకటి మాట్లాడుకోవాలి, ఇబ్బందిగా ఉన్నా సరే. కార్యవర్గంలో స్థిరాస్తి వ్యాపారం చేసేవాళ్లు ఉండొచ్చు, దరఖాస్తుదారు బంధువు ఉండొచ్చు, పక్క ప్లాటు తనదే అయినవాళ్లూ ఉండొచ్చు. అదేం నేరం కాదు. ఆ విషయం ముందే చెప్పి, చర్చ నుంచి పక్కకు తప్పుకోవాలి, ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి. ఎంతమంది అనుకూలం, ఎంతమంది వ్యతిరేకం అన్నదీ రాయాలి. "సభ్యులందరూ ఏకగ్రీవంగా" అనే మాట హాల్లో పదకొండు మంది ఉన్నప్పుడు రాస్తే, రాని మూడొందల మందికి అన్యాయం చేసినట్టే.

కబురు నిజంగా చేరిందో లేదో తెలుసుకోవడంలో జపాన్‌లోని ఇరుగుపొరుగు సంఘాల పద్ధతి చూడదగ్గది. అక్కడ "కైరన్‌బన్" అని ఒక అట్ట ఫైలు ఇంటింటికీ తిరుగుతుంది. అందులో నోటీసులుంటాయి, ముందు ఇళ్ల పేర్ల జాబితా ఉంటుంది. చదివిన కుటుంబం తన పేరు పక్కన ముద్ర వేసో, సంతకం పెట్టో పక్కింటికి అందిస్తుంది. ఎవరింట్లో ఆగిపోయిందో చూడగానే తెలుస్తుంది. ఫోన్లో రెండు నీలం టిక్కులకు లేని ఒక గుణం దానికి ఉంది. అందించడానికి వెళ్లినప్పుడు పక్కింటివాళ్లతో మాట పడుతుంది, "ఇదేంటి, మన వెనక స్థలమేనా?" అనే ప్రశ్న అక్కడే పుడుతుంది. ఇదే ఏర్పాటును 1940 నుంచి యుద్ధ ప్రభుత్వం తన ఆదేశాలు దించడానికి వాడుకుంది. అందుకే యుద్ధంలో జపాన్ ఓడాక, 1947లో అమెరికా నాయకత్వంలోని ఆక్రమణ సేనల పాలనలో ఆ సంఘాలను రద్దు చేశారు, తర్వాత అవి మళ్లీ తలెత్తాయి. పైనుంచి వచ్చింది కిందికి పంపడమే పనిగా పెట్టుకుంటే సంఘం సర్కారు ఆఫీసు మనిషిగా మిగిలిపోతుంది. కింద నుంచి వచ్చిన ప్రశ్నలు, వాటికి ప్లానింగ్ ఆఫీసు ఇచ్చిన జవాబులు కూడా అదే దారిలో తిరగాలి.

అనుమతి వచ్చేశాక చాలా సంఘాలు ఆ విషయాన్ని మర్చిపోతాయి. అసలు పని సగం అక్కడే మొదలవుతుంది. అనుమతి పత్రంలో షరతులుంటాయి: పని చేసే వేళలు, కొట్టకూడని చెట్లు, వాన నీరు పోయే దారి, పార్కింగ్, వదలాల్సిన ఖాళీ. వీటిని రోజూ చూసేది అధికారి కాదు, ఎదురింట్లో ఉండేవాళ్లు. ఆ షరతులేమిటో వాళ్లకు తెలియకపోతే రాత్రి పదకొండింటికి కాంక్రీటు పోస్తున్నా చిరాకుపడి తలుపులేసుకుంటారే తప్ప, అది ఉల్లంఘన అని తెలియదు. ఇంగ్లండ్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఉల్లంఘనల మీద చర్య తీసుకోవడానికి సాధారణంగా పదేళ్ల గడువుంది. పదేళ్లలో ఎన్ని కార్యవర్గాలు మారతాయో లెక్కేసుకోండి. షరతుల కాపీ, ఫొటోలు, ఇచ్చిన ఫిర్యాదుల తేదీలు, వచ్చిన జవాబులు ఒక ఫైలులో పెట్టి, బ్యాంకు పాసుబుక్కుతో పాటే ఆ ఫైలునూ కొత్త కార్యదర్శికి సంతకం తీసుకుని అప్పగించాలి.