స్టాండర్డ్ సైజు మహిమ

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ఎర్ర లైట్లు ఆరగానే రేసు మొదలవుతుందని జనం అనుకుంటారు. పాపం, ఎండలో కూర్చుని మరీ మోసపోతున్నారు. స్టాక్ క్లాసులో అసలు రేసు అంతకు ఎన్నో వారాల ముందే, చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఓ స్పేర్ పార్ట్స్ కొట్టు కౌంటరు దగ్గర ముగిసిపోయి ఉంటుంది. ఆదివారం నాడు ట్రాక్ మీద జరిగేది ఫలితాల ప్రకటన. కాకపోతే కాస్త చప్పుడు చేస్తూ ప్రకటిస్తారు.

స్టాక్ క్లాసు ఆశయం మాత్రం పవిత్రమైనది. జీతం మీద బతికేవాడు కూడా రేసు ఆడాలి, కాబట్టి కంపెనీ నుంచి వచ్చిన ఇంజన్ని వచ్చినట్టే ఉంచాలి. మన దగ్గర ఈ సంప్రదాయం మారుతీ ఇంజను చుట్టూనే పెరిగింది. 1988లో రేసు కార్లు కట్టే కరివర్ధన్ గారు మారుతీ 800 ఇంజనుతో ఫార్ములా మారుతీ అనే రేసు కారు తెచ్చారు. ఆ తర్వాత వచ్చిన ఫార్ములా ఎల్‌జీబీ 1300లో స్విఫ్ట్ ఇంజను పెట్టారు. వీధిలో దొరికే ఇంజను, వీధిలో దొరికే సామాను. ఇంత చక్కటి ఆలోచనకి ఒకే ఒక్క లోటు: వీధిలో ఇప్పుడా సామాను దొరకదు.

ఉదాహరణకి 1300 సీసీ మారుతీ ఎస్టీమ్ కారునే తీసుకుందాం. 2007లో దాని తయారీ ఆగిపోయింది. కానీ రూల్ పుస్తకానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది ఇప్పటికీ ‘కెటలాగులోని నంబరు గల కంపెనీ భాగమే వాడవలెను’ అంటుంది. కంపెనీ ఏమో ఆ నంబరు ఎప్పుడో తీసేసి, అదే భాగానికి కొత్త నంబరు ఇచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి మైక్రోమీటరుతో కొలిచినా తేడా ఉండదు. అయినా కొత్త నంబరు డబ్బాలోంచి తీసింది రూలు ప్రకారం అన్యాయం. పాత బండ్ల సామాను అమ్మే పుదుపేటలో తుప్పుపట్టి, పాత నంబరు కనిపిస్తున్నది న్యాయం. మారుతీ జిప్సీలో వచ్చిందీ ఈ జీ13 కుటుంబం ఇంజనే, బోరూ (సిలిండరు వ్యాసం) అదే 74 మి.మీ. జిప్సీ మరో పదేళ్లకి పైగా బతికింది కాబట్టి దాని సామాను ఇంకా కంటికి కనిపిస్తుంది. కెటలాగులో నంబరు వేరైతే మాత్రం అది పరాయి బిడ్డ కిందే లెక్క.

కౌంటరు దగ్గర సంభాషణ ఏ కొట్లోనైనా ఇంచుమించు ఇలాగే నడుస్తుంది.

“తమ్ముడూ, ఎస్టీమ్ పిస్టన్ సెట్ ఉందా?”

“ఎనిమిది వాల్వా, పదహారా అన్నా?”

“పదహారు. స్టాండర్డ్.”

“స్టాండర్డ్ లేదన్నా. యాభై ఓవర్‌సైజు ఉంది, తీస్కో.”

“యాభై పనికిరాదు, రేసు బండి.”

“రేసు బండికైతే పెద్దదే గదన్నా మంచిది!”

ఆ కుర్రాడికి ఇంజన్లు తెలుసు, రూల్సు తెలియవు. అందుకే హాయిగా ఉన్నాడు. లెక్క చూడండి. బోరు 74, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5 మి.మీ., నాలుగు సిలిండర్లు: 1298.9 సీసీ. అరిగిన సిలిండరుని పావు మిల్లీమీటరు తొలిచి వెడల్పు చేస్తే, అంటే రీబోరు చేస్తే 1307.6. అర మిల్లీమీటరు చేస్తే 1316.5. అంటే అరిగిన ఇంజన్ని కంపెనీవాడి ఓవర్‌సైజు పిస్టనుతోనే, కంపెనీవాడి మాన్యువల్ చూసే బాగుచేసినా, 1300 గీత దాటి పై క్లాసు వాళ్ల మధ్య పడతారు. అక్కడ 1600 సీసీ వాళ్లు స్వాగతం పలుకుతారు, వెనక నుంచి. పోనీ బ్లాకుకి కొత్త లైనర్ (సిలిండరు లోపలి గొట్టం) వేయించి మళ్లీ 74కి తెద్దామంటే, లైనర్ మార్చవచ్చని పుస్తకంలో ఎక్కడా లేదు. ‘చేయవచ్చు అని రాయనిది చేయరాదు’ అనేది ఈ శాస్త్రంలో మహావాక్యం.

మిగిలింది అరగని బ్లాకు వెతుక్కోవడం. దానికి కూవం ఒడ్డున పుదుపేట ఉంది. అక్కడ బ్లాకు కొనేవాడు ముందు బోరు లోపలి గోడకి గోరు ఆనించి పైఅంచు వైపు లాగాలి. గోరు గట్టుకి తగిలిందంటే అరిగినట్టే, బోర్ గేజ్ బయటికి తీసే పని కూడా లేదు. ఇది అల్యూమినియం బ్లాకు, కాబట్టి ఒకసారి నీళ్లయిపోయి కాగిన బండిదైతే పైముఖం వంగి ఉంటుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి అడ్డంగా, నిలువుగా, మూలల మీదుగా ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి, 0.05 మి.మీ. రేకు దూరిపోతే వదిలేయాలి. హెడ్ బోల్టు మరలు పీకేసి ఉన్నాయా చూడాలి. క్రాంకుషాఫ్టుని పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులు ఐదూ ఆ బ్లాకువేనా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. క్యాపుల్ని బ్లాకుకి బిగించాకే ఆ రంధ్రాలు ఒకే వరుసలో తొలుస్తారు. వేరే బ్లాకు క్యాపు తెచ్చి బిగిస్తే క్రాంకు చేత్తో తిప్పినప్పుడే పట్టేస్తుంది. అమ్మేవాడు “అన్నీ ఒకటే సార్” అంటాడు. అన్నీ ఒకటే అయితే కంపెనీవాడు వాటి మీద నంబర్లూ బాణం గుర్తులూ పోసి ఎందుకు చేసినట్టు? ఇంజన్ నంబరు ఉన్న బ్లాకుకి బిల్లు అడగడం కూడా మరవకూడదు. రేసు తనిఖీలో, అంటే స్క్రూటినీలో అడక్కపోయినా రోడ్డు మీద పోలీసు అడుగుతాడు.

బ్లాకు దొరికాక పండగ చేసుకుంటున్నారంటే, క్రాంకు తిరిగే పల్చటి బేరింగ్ షెల్సు ఇంకా కొనలేదన్నమాట. ఈ ఇంజన్లో ‘స్టాండర్డ్’ మెయిన్ బేరింగే ఐదు మందాల్లో ఉంటుంది. ఆకుపచ్చ, నలుపు, రంగు లేనిది, పసుపు, నీలం. క్రాంకు మీద చెక్కిన అంకెలూ, బ్లాకు మీద చెక్కిన అక్షరాలూ కలిపి పట్టికలో చూసుకుంటే క్రాంకు మీద బేరింగ్ కూర్చునే ఏ జర్నలుకి ఏ రంగో తేలుతుంది. కౌంటర్లో మాత్రం ఒకే రంగు ఉంటుంది: డబ్బా రంగు. పిస్టన్లలోనూ అంతే. స్టాండర్డులోనే 1, 2 అని రెండు గ్రేడులు, పిస్టన్ తలమీదే అంకె ఉంటుంది. బోరుకీ పిస్టనుకీ మధ్య 0.02 నుంచి 0.04 మి.మీ. సందు నిలవడానికి ఆ ఏర్పాటు. అంకె చూడకుండా బిగిస్తే సందు తగ్గి వేడికి పిస్టన్ పట్టేయొచ్చు, లేదా ఎక్కువై చలిలో టకటకమనొచ్చు. చెన్నైలో చలి లేదు కాబట్టి రెండోదాని గురించి బెంగ అక్కర్లేదు.

ఇక డూప్లికేట్ల సంగతి. హోలోగ్రామ్ అసలుదాని కన్నా బాగా మెరుస్తుంటే అనుమానించాలి. డబ్బా మీద కళాపోషణ చేసినవాడు రింగు మీద ఖర్చు తగ్గించుకుని ఉంటాడు. రింగుని ఒట్టిదే బోరులో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా లోపలికి తోసి, సందు కొలవండి. 74 బోరుకి పై రింగు సందు 0.2, 0.3 మి.మీ. దగ్గర ఉండాలి. అసలు సందే లేకుండా కొసలు తాకుతుంటే, వేడెక్కాక రింగు పెరిగి గోడని గీకేస్తుంది. మిల్లీమీటరు దాకా ఉంటే అది వేరే ఇంజను రింగు. రింగు వెనక దీపం పెట్టి చూస్తే చుట్టూ వెలుతురు కనపడకూడదు. బేరింగుకైతే సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ దారం, అంటే ప్లాస్టిగేజ్ పెట్టి బిగించి విప్పి చూడాలి. డబ్బా మీద నమ్మకం ఉంటే ఆ నమ్మకంతోనే ఇంటికి నడిచి పోవచ్చు, ఎలాగూ కారు రాదు.

ఇంత చేసి బిగించాక బేరింగ్ పోకుండా ఉంటుందా? ఉండదు. ఎందుకంటే ఇంజను అడుగున ఆయిలు ఉండే సంపు కూడా స్టాకే. పొడవాటి మలుపులో బండి నిలకడగా ఒరిగి ఉన్నంతసేపూ ఆయిలు ఒక పక్కకి చేరుతుంది, ఆయిలు పీల్చే పికప్ గొట్టం గాలి పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, బిగ్ ఎండ్ బేరింగ్ చచ్చిపోతుంది. సంపులో చిన్న అడ్డరేకు వెల్డ్ చేస్తే చాలు. అడ్డరేకు గురించి పుస్తకంలో లేదు. కాబట్టి ఒక రేకుముక్క మిగల్చడం కోసం సీజనుకో క్రాంకు బలివ్వాలి. దీన్నే ఖర్చు అదుపు అంటారు.

ఇప్పుడు అసలు రహస్యానికి వద్దాం. స్టాక్ అంటే ఒక కొలత కాదు, రెండు కొలతల మధ్య ఉన్న చోటు. కంపెనీ ఏ భాగానికైనా ఇంత నుంచి ఇంత దాకా అని హద్దులు ఇస్తుంది. బీదవాడు ఒక క్యామ్‌షాఫ్ట్ కొని దేవుడికి దండం పెట్టుకుంటాడు. ఉన్నవాడు పది కొని, డయల్ గేజ్ పెట్టి, వాల్వుని అన్నిటికన్నా ఎక్కువ ఎత్తేది (ఎక్కువ లిఫ్ట్ ఉన్నది) ఉంచుకుని తొమ్మిది అమ్మేస్తాడు. ఆ తొమ్మిదిలో ఒకటే మన బీదవాడికి చేరుతుంది, ‘ఒరిజినల్, డబ్బా విప్పలేదు’ అనే హామీతో సహా. పిస్టన్లకీ కనెక్టింగ్ రాడ్లకీ తూకమేసి తేలికవి ఏరుకోవడమూ ఇదే మార్గం. ఏదీ రూలు తప్పడం కాదు. అన్నీ కంపెనీ సామానే, అన్నిటికీ బిల్లు ఉంది. ఖర్చు తగ్గించే రూలు, ఎక్కువ ఖర్చు పెట్టగలిగినవాడికే పనికొచ్చింది.

రేసయ్యాక స్క్రూటినీ బల్ల దగ్గర జరిగేది చూసి తీరాలి. హెడ్ తలకిందులుగా పడుకోబెట్టి, చాంబరు మీద గ్రీజు రాసి అద్దంలాంటి ప్లాస్టిక్ పలక అతికిస్తారు. దాని రంధ్రంలోంచి బ్యూరెట్‌తో చుక్కచుక్కగా ద్రవం వదులుతారు. చుట్టూ పదిమంది ఊపిరి బిగబట్టి నిలబడతారు. గాలిబుడగ ఒకటి మూలన ఇరుక్కుంటుంది. స్క్రూటినీరు హెడ్‌ని కొంచెం వంచి దాన్ని రంధ్రం దాకా నడిపిస్తాడు. అందరూ ఆ బుడగతో పాటే తల వంచుతారు. క్లాసు పరిమితి 9.5 కంప్రెషన్ నిష్పత్తి అనుకుంటే, సిలిండరుకి 324.7 సీసీ చొప్పున, పిస్టన్ పైకి చేరాక మిగిలే చోటు (క్లియరెన్సు) 38.2 సీసీ కన్నా తగ్గకూడదు. గ్యాస్కెట్ 0.2 మి.మీ. మందంగా ఉంటే దాదాపు 0.9 సీసీ పెరిగి కంప్రెషన్ 9.3కి జారుతుంది. పలచగా ఉంటే పైకెక్కుతుంది. బయటి కంపెనీ గ్యాస్కెట్ వాడినవాడు తెలియకుండానే ఓడిపోతాడు, లేదా తెలియకుండానే డిస్‌క్వాలిఫై అవుతాడు. ఏది జరుగుతుందో డబ్బా మీద రాసి ఉండదు.

అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ల ఇంప్రూవ్డ్ టూరింగ్ క్లాసులో 0.040 అంగుళం, అంటే మిల్లీమీటరు దాకా రీబోరు చేసుకోనిచ్చారు. కంపెనీ ఓవర్‌సైజు పిస్టన్ గానీ దానికి సమానమైనది గానీ వేసుకోవచ్చు. దాంతో అక్కడ పాత బ్లాకులు బతికాయి. కొన్ని చిన్న రేసుల్లో ఇంకో ఏర్పాటుంది: ముందే నిర్ణయించిన ధర చెల్లించి గెలిచినవాడి ఇంజన్ని ఎవరైనా కొనేసుకోవచ్చు. పది క్యామ్‌షాఫ్టులు ఏరి కట్టిన ఇంజను అలా పోతుందంటే పదకొండోది ఎవడూ కొనడు. నంబరు బదులు కొలత, కనీస బరువు రాసి ‘ఇందులో ఇమిడితే ఎవరిదైనా వాడుకో’ అనడం ఇంకా సులువు. పుస్తకంలో ఒక పేజీ మారిస్తే సరిపోతుంది. కానీ ఇలాంటి ప్రతిపాదనని గట్టిగా వ్యతిరేకించాల్సిందే. కౌంటర్లో అడిగిన సామాను దొరికిందంటే, డ్రైవింగు బాగా వచ్చినవాడు గెలిచే ప్రమాదం ఉంది.

ఆ ఉపద్రవం వచ్చేదాకా ఒక ప్రకటన: పదహారు వాల్వు ఎస్టీమ్, స్టాండర్డ్, 2వ నంబరు పిస్టన్ ఒకటి కావలెను. బదులుగా 1వ నంబరువి మూడు ఇవ్వబడును. డబ్బా కూడా ఉంది.