మీ పాప వాయిస్తోందా?

ఈ శనివారం సాయంత్రం మా ఊరి వెస్టర్న్ క్లాసికల్ ఆర్కెస్ట్రా కచేరీ ఉంది, రండి అని ఇక్కడ అమెరికాలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వచ్చిన మొదటి ప్రశ్న: "మీ పాప వాయిస్తోందా?"

కాదండీ, నేనే.

"ఓ, మీరా! ఎంత ఇస్తారేంటి?"

ఏమీ ఇవ్వరు. ఎదురు నేనే ఏడాదికింతని కట్టి, ప్రతి మంగళవారం రాత్రి ఆఫీసు అయ్యాక వెళ్లి సెకండ్ వయొలిన్లలో ఆఖరి కుర్చీలో కూర్చుంటాను. ఇది చెప్పాక గ్రూపు చప్పబడిపోయింది. కాసేపటికి ఎవరో బిర్యానీ ఫోటో పెట్టారు.

అమెరికాలో మనవాళ్లకి సంగీతమంటే పిల్లల చేత చేయించే పని. ఏడేళ్లకే క్లాసులో వేస్తాం. కాలేజీ అప్లికేషన్‌లో ఆ ఒక్క లైను పడగానే వయొలిన్ గరాజ్‌లోకి పోతుంది. నలభై దాటినవాడు వాయిస్తే మాత్రం, పాపం ఏదో టెన్షన్‌లో ఉన్నాడనుకుంటారు.

నేను నేర్చుకున్నది విజయనగరంలో, ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊళ్లో. కింద కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి. మా గురువుగారి లెక్కలో గమకం లేని స్వరం, అంటే ఊపకుండా, జార్చకుండా పలికిన స్వరం, స్వరమే కాదు. ఇక్కడ ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టరేమో "జారొద్దు, జారొద్దు" అని నావైపే చూస్తాడు. పైగా వరసలో కమానులన్నీ ఒకే దిక్కుకి కదలాలి. నాదొక్కటి ఎదురు నడిస్తే హాల్లో ఆఖరివాడికి కూడా తెలిసిపోతుంది!

ఈసారి వాయించేది డ్వోర్జాక్ అనే స్వరకర్త తొమ్మిదో సింఫనీ, 'న్యూ వరల్డ్'. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా మొత్తానికీ రాసిన, భాగాలుగా సాగే పెద్ద రచన. ఆయన చెక్ దేశస్థుడు. 1892లో సంగీత కళాశాల డైరెక్టర్ ఉద్యోగానికి న్యూయార్క్ వచ్చాడు. మరుసటి ఏడాది ఇది రాశాడు, ఆ డిసెంబర్‌లోనే కార్నెగీ హాల్లో మొదటిసారి వాయించారు. ఉద్యోగానికని అమెరికా వచ్చి, ఊరి మీద బెంగపెట్టుకున్న మనిషన్నమాట. రెండో భాగంలో ఇంగ్లీష్ హార్న్ అనే ఊదే వాయిద్యం నెమ్మదిగా ఎత్తుకునే వరస వినండి. మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్నట్టు, నలభై నిమిషాల ఈ సింఫనీ మొత్తంలో పెద్ద తాళాలకి ఉన్నది ఒకే ఒక్క దెబ్బ, నాలుగో భాగంలో. అదీ మెత్తగా. మా తాళాలాయన మూడు నెలలుగా ఆ ఒక్క దెబ్బ కోసం ప్రతి రిహార్సల్‌కీ వస్తున్నాడు. పోయిన వారం లెక్క తప్పి ముందే కొట్టేసి, రాత్రంతా నిద్రపోలేదట.

శనివారం ఏడింటికి. టికెట్ లేదు, పార్కింగ్ వెనకాల. ఇంటర్వెల్‌కి వెళ్లిపోకండి, సింఫనీ ఆ తర్వాతే. పాపని కూడా తీసుకురండి, ఊరికే వినడానికి.