పూర్తికాలం వెబ్ ప్రచురణకర్త కావాలంటే ముందు రాయడం మానాలి

ఆవకాయ గురించి వెబ్‌సైటు నడిపేవాళ్లు తెలుగునాట రెండు రకాలు. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు ఆవకాయ గురించి రాసేవాళ్లు మొదటి రకం. ఉద్యోగం మానేసి, ఆవకాయ తప్ప మిగతా అన్నిటి గురించీ రాసేవాళ్లు రెండో రకం. మొదటి రకంలోంచి రెండో రకంలోకి దూకాలని ఉవ్విళ్లూరే సోదరీసోదరుల మేలు కోరి ఈ నాలుగు మాటలు. రాజీనామా టైపు చేసి దాచుకున్నవాళ్లు పంపేముందు చదవాలి. పంపేసినవాళ్లు మరీ శ్రద్ధగా చదవాలి.

అన్నిటికన్నా ముందు, రాయడమనే దురలవాటు వదిలించుకోవాలి. సరదాగా రాసిన రోజుల్లో మీ ఆవకాయ ఎలా ఉండేది? పుల్లటి, టెంక ముదిరిన కాయ తీసుకుని తడి లేకుండా తుడిచి ముక్కలు కొట్టాలి. ముక్కలు నాలుగు గిన్నెలైతే ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె, నువ్వులనూనె గిన్నెన్నర, గుప్పెడు మెంతులు. కలిపి జాడీకెత్తి, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడాలి. అయిపోయింది. చదివినావిడ వంటింట్లోకి వెళ్లిపోతుంది. అదే మీ అపరాధం. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోతే ప్రకటనలు చూసేదెవరు?

వృత్తిధర్మం ప్రకారం ఆవకాయ అంటే ఏమిటో ముందు తెలుగువాళ్లకు చెప్పాలి. తర్వాత ఆవకాయ చరిత్ర, ఆవకాయ వల్ల 11 లాభాలు, షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా, గర్భిణులు తినొచ్చా. 'ఆవకాయ ఎలా పెట్టాలో అని ఆలోచిస్తున్నారా? అయితే ఈ సమాచారం మీకోసమే' అన్న వాక్యం రెండుచోట్లయినా పడాలి. నూనె కొలత దగ్గరికి చేరేసరికి పాఠకురాలు నాలుగు ప్రకటనలు, ఒక వీడియో, 'నోటిఫికేషన్లు పంపమంటారా' అనే ప్రశ్న దాటాలి. ఇంత చేశాక మనస్సాక్షి గుచ్చితే, పైన 'నేరుగా రెసిపీకి' అని ఒక బటన్ పెట్టి పాపపరిహారం చేసుకోవచ్చు. ఇంతలో గూగుల్ ఆ మూడు వాక్యాలనూ ఏరుకుని సెర్చ్ పేజీలోనే తన మాటగా చెప్పేస్తుంది. ఏఐ ఓవర్‌వ్యూలనే ఈ సదుపాయం 2024 ఆగస్టులో మన దేశానికీ వచ్చింది. మీరు అడ్డంగా పెంచిన పద్దెనిమిది వందల పదాలను మాత్రం అది ముట్టుకోదు. అవి పూర్తిగా మీవే.

ఇక లెక్క. వెయ్యి పేజీలు తెరిస్తే వచ్చే సొమ్మును ఆర్పీఎం అంటారు. అమెరికాలో ఇన్సూరెన్స్ గురించి ఇంగ్లిష్‌లో రాసేవాడి ఆర్పీఎంతో మీది పోల్చుకుని నిద్ర పాడుచేసుకోవద్దు. ప్రకటనకర్త చూసేది చదివేవాళ్ల జేబునే గానీ రాసేవాళ్ల శైలిని కాదు. మీకు 70 సెంట్లు వస్తుందనుకుందాం, డాలరు 85 రూపాయలనుకుందాం. నెలకు 50,000 రూపాయలు ఇంట్లో ఇవ్వాలంటే 588 డాలర్లు రావాలి. అంటే నెలకు 8,40,000 సార్లు, రోజుకు 28,000 సార్లు మీ పేజీలు తెరుచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో దేవుడి దయ. మామిడికాయే దొరకని నవంబరులో రోజుకు ఇరవై ఎనిమిది వేల సార్లు ఆవకాయ గుర్తుచేసే పూచీ మాత్రం మీదే. జనవరిలో కంపెనీలు కొత్త బడ్జెట్లు తేల్చుకునేదాకా ప్రకటనల రేట్లు పడిపోతాయి. సంక్రాంతికి అల్లుడు వచ్చేదీ అప్పుడే.

సైట్లలో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్ తెలుగును గుర్తించింది 2018లో. అంతకుముందు ఇంగ్లిష్‌లో పది వ్యాసాలు పెట్టి అనుమతి తెచ్చుకుని, ఆ తర్వాత నెమ్మదిగా తెలుగులోకి జారుకునే దొడ్డిదారి ఉండేది. ఇప్పుడు రాజమార్గమే ఉంది గనక ముందు గుమ్మం దగ్గరే తిరస్కరిస్తారు. కారణం 'లో వాల్యూ కంటెంట్'. ఏ పేజీకి విలువ లేదో చెప్పరు. రెండేసి వాక్యాల పేజీలు, ఒక్క వ్యాసమూ లేని విభాగాలు, ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన ఫొటోలు తీసేసి, 'మా గురించి', 'సంప్రదించండి', 'ప్రైవసీ పాలసీ' పేజీలు పెట్టి మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. అనుమతి వచ్చి పది డాలర్లు పోగయ్యాక ఇంటి చిరునామా రుజువు కోసం పిన్ ఉన్న కార్డు మామూలు పోస్టులో వస్తుంది. రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. నాలుగు నెలల్లోగా ఆ పిన్ కొట్టకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. చిరునామాలో 'రామాలయం వెనక సందు' అని రాసినవాళ్లు పోస్ట్‌మ్యాన్‌తో ఇప్పటినుంచే స్నేహంగా ఉండటం మంచిది. ప్రపంచమంతా చూసే మీ డిజిటల్ సామ్రాజ్యం అప్పటిదాకా ఆయన సంచిలోనే ఉంటుంది.

తెలుగులో సైటు నడపడానికి తెలుగు రావడం చాలదు, కొన్నిచోట్ల అది అడ్డు కూడా. శీర్షిక తెలుగులో పెడితే, సైటు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ లింకునూ తెలుగులోనే తయారుచేస్తుంది. ఆ లింకులో ఒక్కో తెలుగు గుర్తు, అది అక్షరమైనా గుణింతమైనా పొల్లయినా సున్నా అయినా, శాతం గుర్తులతో కలిపి తొమ్మిది స్థానాలు తినేస్తుంది. లింకుకు కేటాయించిన గడి 200 దగ్గర అయిపోతుంది. అంటే గట్టిగా 22 గుర్తులు. 'ఆవకాయ పాడవకుండా ఉండాలంటే ఏం చేయాలి' అని శీర్షిక పెడితే లింకు సరిగ్గా 'ఉండాలంటే' దగ్గర తెగుతుంది. ఏం చేయాలో లింకుకు తెలియదు. ఆ లింకును వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు ఫోను తెరనిండా శాతం గుర్తులు కనిపిస్తాయి. ఏదో వైరస్ అనుకుని వాళ్లు మిమ్మల్ని బ్లాక్ చేస్తారు. అందుకే అనుభవజ్ఞులు ప్రచురించేముందే లింకును ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు నాలుగు మాటలకు కుదిస్తారు. ప్రచురించాక మార్చితే పాత లింకు నొక్కినవాళ్లను కొత్తదానికి పంపే 301 దారిమళ్లింపు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. అది మరిచిపోతే వచ్చే పాఠకులు కూడా రారు.

సైటుకు తొడిగే రెడీమేడ్ రూపాలు, అంటే థీములు, ఇంగ్లిష్ కొలతలకు కుట్టినవి. పంక్తుల ఎడం ఒకటిన్నర ఉంటే పై పంక్తిలోని వొత్తు వెళ్లి కింది పంక్తి గుడిమీద కూర్చుంటుంది. ఎడం 1.7 నుంచి 1.9 దాకా పెంచాలి. శీర్షికల్లో వొత్తులు అడుగున కోసుకుపోతుంటే ఆ పెట్టె ఎత్తు పెంచాలి. మండలి, సురన్న, రామభద్ర ఫాంట్లు మూడూ ముద్దొస్తున్నాయని మూడూ ఎక్కిస్తే, పేజీలోని పెద్ద ముక్క రెండున్నర సెకన్లలో కనబడాలన్న గూగుల్ షరతు గాలికి పోతుంది. ఒక్క ఫాంటు చాలు. పత్రికల్లో చేయి తిరిగిన పెద్దలు అభిమానంతో పంపే అను ఫాంటు (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటు) వ్యాసాలు నేరుగా అతికిస్తే పిచ్చిగీతలవుతాయి. యూనికోడ్‌లోకి మార్చాక కూడా వొత్తులు ఎక్కడెక్కడ తారుమారయ్యాయో అచ్చుతప్పుల్లా కూర్చుని ఏరుకోవాలి. ఇంత శ్రమపడి తెలుగును తీర్చిదిద్దాక తెలిసేదేమిటంటే, వెతికేవాళ్లలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతుకుతారు. కాబట్టి పేజీలో ఆ రూపమూ ఎక్కడో ఒకచోట ఉండాలి. భాషాభిమానులు చూడని చోట పెడితే గొడవ ఉండదు.

ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది, ఇల్లు గడిపేది ఆవకాయ కాదు. ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ నోటిఫికేషన్లు, డీఎస్సీ హాల్‌టికెట్లు, ఇంటర్ ఫలితాలు, రేషన్ కార్డు స్టేటస్, ప్యాన్‌తో ఆధార్ లింకు, రాశిఫలాలు. తెలంగాణ కమిషన్ పేరు 2024లో టీఎస్పీఎస్సీ నుంచి టీజీపీఎస్సీ అయింది గనక శీర్షికలన్నీ మార్చాలి. అలాగని పాతపేరు పూర్తిగా తీసేయకూడదు, అభ్యర్థులు ఇంకా అలవాటుకొద్దీ దాంతోనే వెతుకుతారు. ఫలితాల పేజీ ఫలితాలు రాకముందే తయారుగా ఉండాలి. 'ఫలితాలు ఎప్పుడు?' అనే శీర్షికతో, ఎప్పుడో తమకు తెలియదన్న సంగతి తొమ్మిది పేరాల్లో చెప్పగలవాడే ఈ రంగంలో సిద్ధహస్తుడు. రోజూ తేదీ మార్చి 'తాజా అప్‌డేట్' అని తగిలించాలి.

తీరా ఆ మహత్తర దినం వస్తుంది. ఒక్క గంటలో వేలమంది వచ్చిపడతారు. మీ సైటు మాత్రం '508, రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్‌డ్' అని తెల్లతెర చూపిస్తుంది. మీరు కొన్నది 'అన్‌లిమిటెడ్' హోస్టింగే కదా అంటారు. స్థలమూ బ్యాండ్‌విడ్తే అన్‌లిమిటెడ్. ఒకేసారి ఎంతమంది లోపలికి రావొచ్చన్న హద్దు వేరే ఉంది. చవక ప్లానుల్లో అది తరచు 20, 30 దగ్గరే ఉంటుంది. ఆ పేజీ నకలును ముందురోజే కాషెలో (అడగ్గానే అందించే నిల్వలో) పెట్టి, సైటు ముందు రద్దీని కాచుకునే క్లౌడ్‌ఫ్లేర్ సేవను కాపలా ఉంచి, వ్యాఖ్యలూ 'సంబంధిత వార్తలూ' ఆ ఒక్కరోజుకు ఆపేసి ఉంటే తట్టుకునేది. సపోర్టువాళ్లను అడిగితే పై ప్లానుకు మారమంటారు. వాళ్ల ఆర్పీఎం మాత్రం ఏనాడూ తగ్గదు.

ఉద్యోగంలో మేనేజరు పోరు పడలేకే కదా బయటికొచ్చారు. కొత్త మేనేజరు పేరు సెర్చ్ కన్సోల్, మీ సైటు గూగుల్ సెర్చ్‌లో ఎలా ఉందో చూపే గూగుల్ పనిముట్టు. ఈయన తిట్టడు, అరవడు, మాట్లాడడు. 'క్రాల్‌డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటాడు. పెళ్లిచూపులకొచ్చి ఫలహారాలన్నీ తిని 'ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం' అన్నవాళ్ల పద్ధతే. మీ పేజీ చూశాడు, సెర్చ్‌లో చేర్చుకోలేదు, కారణం అడగకూడదు. జీతంలో కోత సంవత్సరానికి కొన్నిసార్లు కోర్ అప్‌డేట్ రూపంలో, అంటే సెర్చ్‌లో ఎవరు పైనో ఎవరు కిందో తేల్చే పద్ధతిని గూగుల్ మార్చినప్పుడు, ఉంటుంది. 2023 సెప్టెంబరు 14 నుంచి 28 వరకు నడిచిన 'హెల్ప్‌ఫుల్ కంటెంట్ అప్‌డేట్' దెబ్బకు చిన్న సైట్లెన్నో కుదేలయ్యాయి. 2024 మార్చి 5న మొదలైన కోర్ అప్‌డేట్ ఏప్రిల్ 19కి గానీ ముగియలేదు. ఆ నెలన్నరా రోజూ పొద్దున్నే గ్రాఫు తెరిచి చూసుకోవడం తప్ప ప్రచురణకర్తకు వేరే పని ఉండదు. నడుస్తుండగా ఏమీ మార్చకూడదని పెద్దలు చెబుతారు. ముగిశాక ఏం మార్చాలో చెప్పరు. గూగుల్ సలహా మాత్రం స్పష్టంగానే ఉంది: సెర్చ్ ఇంజిన్ కోసం కాకుండా మనుషుల కోసం రాయండి. అంటే ఆ మూడు వాక్యాల ఆవకాయ.

ఆదాయం పడిపోయిన వారంలోనే ఈమెయిళ్లు వస్తాయి. 'డియర్ సర్, మీ సైటు అద్భుతం, ఒక గెస్ట్ పోస్టు (మీ సైటులో మా వ్యాసం), ఒక లింకు, వెంటనే డబ్బు.' సైటు తెలుగులో ఉందని కూడా గమనించకుండా పొగిడినవాళ్లను నమ్మొద్దు. డబ్బు తీసుకున్న లింకుకు 'స్పాన్సర్డ్' గుర్తు తగిలించాలన్నది గూగుల్ నియమం. తగిలిస్తే వాళ్లు డబ్బివ్వరు, తగిలించకపోతే గూగుల్ ఊరుకోదు. ఆ లింకు బెట్టింగ్ యాప్‌ది అయితే లెక్క సెర్చ్ కన్సోల్‌తో తేలదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రకటన వేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని 2025 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. అదే సంవత్సరం మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద తెలంగాణ పోలీసులు సినిమావాళ్ల మీదే కేసులు పెట్టారు. ఆవకాయవాళ్లు వాళ్లకొక లెక్కా.

డబ్బు విషయం త్వరగా ముగిద్దాం, ఎలాగూ ఎక్కువ లేదు. ఈ నెల సంపాదన వచ్చే నెల 21 నుంచి 26లోపు కదులుతుంది, అదీ వంద డాలర్లు దాటితేనే. విదేశీ సొమ్ము గనక అది దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్‌ను బ్యాంకు అడుగుతుంది. కౌంటర్లో ఉన్నాయనకు ఆవకాయ ఎగుమతి చేస్తున్నామని చెప్పొద్దు, అది వేరే కోడ్. ముందస్తు పన్ను గడువులు జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15. ఇంటి రుణం తీసుకోదలిస్తే రాజీనామాకు ముందే తీసుకోండి. తర్వాత రెండు మూడేళ్ల రిటర్నులు పట్టుకుని వెళ్లాలి, వాటిలో ఒకటి తప్పకుండా కోర్ అప్‌డేట్ ఏడాదిదై ఉంటుంది.

అసలు గండం బంధువుల రూపంలో ఉంది. మీ ప్రకటనల మీద మీరు నొక్కకూడదని మీకు తెలుసు. మీ మావయ్యకు తెలియదు. అల్లుడు ఉద్యోగం మానేశాడని ఆయన దిగులు. నొక్కితే డబ్బొస్తుందని ఎవరో చెప్పారు. రోజూ కాఫీ తాగుతూ, ఒకే ఫోన్లోంచి, వరసగా పదిహేను ప్రకటనలు భక్తిగా నొక్కుతారు. గూగుల్ దాన్ని 'ఇన్‌వ్యాలిడ్ ట్రాఫిక్' అంటుంది. మొదట ఆదాయంలో కోత పడుతుంది, తర్వాత ప్రకటనలు తగ్గుతాయి, మరీ ముదిరితే ఖాతా మూసేస్తుంది. మూసేశాక అప్పీలు పెట్టుకోవచ్చు గానీ ఇంకో పేరుతో ఖాతా తెరవకూడదు. నొక్కమని ఎవరినీ అడగకూడదన్నది నియమం. నొక్కొద్దని చెప్పొచ్చు. ఆ మాట కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టిన క్షణంలో, ఇన్నాళ్లూ ఈ కిటుకు తెలియక ఊరుకున్న పిన్నిగారికీ, బాబాయిగారికీ, మస్కట్‌లో ఉన్న బావగారికీ కూడా తెలిసిపోతుంది.